ఊడ్చిపెట్టిన జాగా

సంగీతకు ఒక సందేహం వచ్చిందంటే అది తీరేదాకా తాను నిద్రపోదు, ఇంట్లో వాళ్లను పోనివ్వదు. ఈసారి వచ్చింది మరీ విడ్డూరమైన సందేహం. ఎవరూ ఉండని ఖాళీ జాగాను రోజూ ఎవరు ఊడుస్తున్నారు, ఎందుకు?

జాగా ఉన్నది జగిత్యాల దిక్కున ఒక చిన్న ఊళ్లో. సంగీత ఉన్నది సూరత్‌లో, పాండేసర రంగుల మిల్లుల వెనక ఒంటిగది ఇంట్లో. భర్త శ్యాంసుందర్ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చీరల గుడ్డ నేస్తాడు. ఆమె ఇంట్లో కూర్చుని ఆ చీరలకే మెరిసే టిక్కీలు అతికిస్తుంది. అత్త వజ్రమ్మ పెళ్లయిన కొత్తలో ఊరు విడిచి వచ్చి ఇక్కడే ముసలిదయింది. కళ్లకు పొర కమ్మింది, ఆపరేషన్ చేయిద్దామనుకునేసరికి కరోనా వచ్చి పడింది. సంగీత పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. ఊరంటే ఆమెకు పెళ్లిళ్లకు పోయి వచ్చే చోటు, అంతే.

ఆ లెక్క మొదటి లాక్‌డౌన్‌లో మారింది. సాంచాలు ఆగిపోతే ముగ్గురూ రైలెక్కి ఊరికి పోయారు. రోగం భయంతో ఊరి బడిలో వేరుగా ఉంచినందుకు సంగీత ఏమీ అనుకోలేదు, అది అందరికీ తప్పలేదు. బడి నుంచి బయటపడ్డాకే అసలు కథ. మామ బతికున్నప్పుడే తన వంతు ఇల్లు అన్నకు అమ్ముకుని వచ్చాడు కాబట్టి, ఆ అన్న కొడుకు రాజమల్లు గడప ముందు నిలబడాల్సి వచ్చింది. రాజమల్లు వాళ్లను పశువుల కొట్టంలో పడుకోబెట్టాడు. అన్నం గోడ మీద పెట్టి దూరం జరిగి, "మీ ఇల్లే అనుకోండ్రి" అనేవాడు. ఎంత అనుకున్నా అది కొట్టమే. సూరత్‌కు తిరిగి వచ్చిన రోజు నుంచి సంగీత ఒకటే మాట పట్టుకుంది. ఊళ్లో మనకంటూ ఒక గడప ఉండాలి. ఇంకోసారి ఎవరినీ అడుక్కునేది లేదు.

మరుసటి ఏడు, రెండోసారి విరుచుకుపడ్డ రోగం కాస్త తెరిపి ఇచ్చాక, ఊరి నుంచి బుచ్చిరాములు ఫోన్ చేశాడు. శ్యాంసుందర్‌కు వరసకు చిన్నాన్న. తన ఇంటి పక్కన, బోరింగు దగ్గర ఖాళీ జాగా ఉందనీ, కొనుక్కుని ఇల్లు కట్టుకొమ్మనీ చెప్పాడు. ధర అడిగితే విన్నది నిజమేనా అని శ్యాంసుందర్ మళ్లీ అడిగాడు. అంత చవక. నక్క తోక తొక్కానని అతను మురిసిపోయాడు.

బుచ్చిరాములు పంపిన వీడియో చూశాక మురిపెం ఇంకా పెరిగింది. సన్నగా, రైలుపెట్టెలాగా పొడుగ్గా ఉంది జాగా. ఆ కొసన ఒక రాయి, ఈ కొసన ఒక రాయి.

"హద్దురాళ్లు గూడ పాతే ఉన్నయి. ఇగ కొలిచే పనే లేదు" అన్నాడు శ్యాంసుందర్.

సంగీత మాత్రం ఆ వీడియోను ముందుకూ వెనక్కూ జరిపి చూసింది. వాడలో ఇండ్లన్నీ తాళాలు పడి ఉన్నాయి. గోడలు ఒరిగాయి, వాకిళ్లలో తుమ్మ మొలిచింది. ఈ ఒక్క జాగాలో గడ్డిపోచ లేదు. నేల మీద చీపురు గీతలు సుతారంగా కనిపిస్తున్నాయి. అమ్మడానికి ఆ పూట ఊడ్చాడేమో అనుకుంది. ఇంకో రోజు ఏదో వంకతో వీడియో కాల్ చేసింది. అప్పుడూ చీపురు గీతలే.

ఇక ఆమె బుర్ర ఊరుకోలేదు. కింద ఏమైనా పాతిపెట్టారా? దయ్యమని జడిసి ఎవరూ కట్టుకోలేదా? అన్నదమ్ముల తగాదానా? చవకగా ఇస్తున్నాడంటే మెలిక లేకుండా ఉంటుందా? శ్యాంసుందర్‌కు విసుగొచ్చింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అని నవ్వాడు, జాగా చెత్తగా ఉన్నా ఏడుపే, బాగున్నా ఏడుపేనా అని దెప్పాడు. చివరికి ఆమె బుచ్చిరాములునే సూటిగా అడిగేసింది. "అలవాటు బిడ్డా" అని, అతను వానల సంగతి ఎత్తుకున్నాడు.

ఆదివారం మళ్లీ ఫోన్ చేసి, ఈ కొస నుంచి ఆ కొసదాకా నడుస్తూ చూపించమంది. తెర మీద కనిపించేది పక్కనున్న అత్తకు చెప్పుకుంటూ పోయింది. వజ్రమ్మకు అప్పటిదాకా ఈ బేరం మీద ధ్యాసే లేదు. బోరింగు ఆమె ఊరు విడిచాక వేసింది. బోరింగు దగ్గర అంటే ఏ చోటో ఆమెకు తెలియదు. కానీ రాళ్ల మాట వినగానే తల ఎత్తింది.

"ఆ రాయి నడుమ గాడి ఉన్నదా? తాడు ఒరసుకున్నట్టు?"

ఉంది. రెండింటికీ ఉంది.

"అవి హద్దురాళ్లు గావు బిడ్డా. మన పడుగు రాళ్లు."

సంగీతకు అర్థం కాలేదు. విచిత్రం ఏమంటే శ్యాంసుందర్‌కూ అర్థం కాలేదు. నేతపని వాళ్ల ఇంట్లో పుట్టి, పగలూ రాత్రీ సాంచాల మధ్య బతికే మనిషి అతను. అయితే ఏం లాభం? సూరత్‌లో పడుగు ఇనుప బీము మీద చుట్టుకుని టెంపోలో వస్తుంది. వజ్రమ్మే వివరించింది. చేతిమగ్గాల కాలంలో పొద్దు ఎక్కకముందే పడుగు దారాలను ఆ రాయి నుంచి ఈ రాయికి సాగదీసి కట్టేవాళ్లట. గంజి పట్టించి, ఇద్దరు ఇటు, ఇద్దరు అటు నిలబడి కుంచెలతో దువ్వేవాళ్లట. నేల మీద దుమ్ము ఉంటే పడుగు పాడవుతుంది. అందుకే ముందుగా ఊడ్చేది బుచ్చిరాములు పని. వాడలో ఇంటికొక పూట చొప్పున ఆ జాగా వాడుకునేవాళ్లట. ఎవరు పడితే వాళ్లు కట్టుకోవడానికి అది ఒకరి జాగా కాదు, వాడది.

ఒక్క చిక్కు విడిపోయింది, ఇంకోటి పడింది. మాట్లాడకుండా కొనేసుకుంటే ఎవరికి తెలుస్తుందని శ్యాంసుందర్ మెల్లగా అన్నాడు. వాడంతా సూరత్‌లోనే ఉంది, అడిగేవాడెవడు?

"నాకు ఎరుకే గద" అంది వజ్రమ్మ.

సంగీతకు భర్త మాట రుచించింది, అత్త మాట గుచ్చుకుంది. జాగా పోతుందన్న భయమూ ఉంది. చివరికి మధ్యేమార్గం ఆలోచించింది. అందరినీ అడిగి ఒప్పించి మరీ కొంటే ఎవరి నోరూ లేవదు.

అడగడం అనుకున్నంత కష్టం కాలేదు. అదే వాడకు చెందిన రాజనర్సు మిల్లులో పనిచేస్తూ పక్క గల్లీలోనే ఉంటాడు. పడుగు రాళ్ల పేరెత్తగానే అతని మొహం చేటంత అయింది. తాను చిన్నప్పుడు పడుగు కింద దూరి గంజి మీద పోసుకుని తన్నులు తిన్నానని నవ్వి నవ్వి చెప్పాడు. తీసుకోండి, నాకెందుకు అన్నాడు. సూరత్ పక్కన పల్సానాలో ఉన్న ఆ వాడ కుటుంబాలు రెండూ ఫోన్‌లోనే సరే అన్నాయి. మిగిలింది ఆల్థాన్‌లో పద్మారాణి ఒక్కతే. సంగీత అత్తను తీసుకుని షేరింగ్ ఆటో ఎక్కింది. దారి పొడుగునా మనసులో ఇల్లు కడుతూనే ఉంది. వంటగది ఎటు, కిటికీ ఎటు అని.

పద్మారాణి అపార్ట్‌మెంట్లలో వంట చేస్తుంది. భర్త పరుశురాం ఆ వేసవిలోనే కరోనాతో పోయాడు. అస్థికలైనా ఊరికి తెస్తామంటే రావద్దని ఊరి నుంచి కబురు వచ్చింది. కర్మలన్నీ ఇక్కడే తాపీ నది ఒడ్డున ముగించారు. సంగీత చెప్పిందంతా ఆమె మాస్కు వెనక నుంచి నిదానంగా విన్నది.

"అందరు ఒప్పుకున్నంక నేనేం అడ్డమొస్త చెల్లె? తీస్కోండ్రి. గని జాగ నీదయినంక జర ఒక్క పూట నాకు ఇస్తవా? ఆయన సంవత్సరీకం ఆడ జేసుకుంట. ఊళ్లె నాకు నిలవడేటందుకు ఇంకో చోటు లేదు."

పద్మారాణి అడిగిన తీరు సంగీతకు బాగా తెలుసు. రాజమల్లు గడప ముందు తాను అట్లాగే అడిగింది. అయితే ఈసారి గడప తనది కాబోతోంది, అడిగేది ఇంకొకామె. సిగ్గుతో ఆమెకు ఒళ్లంతా కుంచించుకుపోయింది. వంటగదీ కిటికీ ఎటు పోయాయో తెలియదు. అడక్కు అక్కా, అది నీ పూటే అని మాత్రం అనగలిగింది.

ఇంటికి వచ్చి భర్తతో విషయం చెప్పి, ఇక ఆ జాగా కొనొద్దని తేల్చి, కాసేపు ఏడ్చింది. సొంత గడప చేతికందినట్టే అంది జారిపోయిందని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, రాజనర్సుతో, పల్సానా వాళ్లతో మాట్లాడింది. ఆ పొడుగు జాగాలో అందరూ కలిసి రేకుల కప్పుతో ఒక పొడుగు ఇల్లు వేద్దామనీ, ఎవరికి ఆపద వస్తే వాళ్లు పోయి ఉండొచ్చనీ చెప్పింది. కొట్టాల్లో పడుకుని వచ్చినవాళ్లే అందరూ. ఎవరూ కాదనలేదు.

చివరగా బుచ్చిరాములుకు ఫోన్ చేసింది. కొనడం లేదని మొదటే చెప్పింది. పడుగు రాళ్ల సంగతి తెలిసిపోయిందనీ, అందరి జాగాను ఒక్కడివే ఎట్లా అమ్మజూశావనీ అడుగుదామనుకుంది. ఆ ముసలి గొంతు దగ్గుతుంటే అడగబుద్ధి కాలేదు. అందరూ కలిసి ఇల్లు వేసుకుంటామనీ, మొదట పద్మారాణి వస్తుందనీ, ఆ తర్వాత తామూ, రాజనర్సూ వస్తామనీ వరసగా చెప్పుకుపోయింది. ఒక్కో పేరు చెబుతుంటే అతను ఊఁ కొట్టాడు.

"మామా, నీకు కోపమొచ్చిందా?"

"కోపమెందుకు బిడ్డా. పైసల కోసం అమ్ముతననుకున్నరా?" అన్నాడు బుచ్చిరాములు. "తలుపు జర నా ఇంటి దిక్కు పెట్టుండ్రి. ఈ వాడల నేనొక్కన్నే మిగిలిన."