సీసా మీది చీటీ

పొద్దున్న ఐదున్నరకి వంటింట్లో నేను చేసే మొదటి పని, ఆవుపాలను సోయాపాల సీసాలో పోయడం. అత్తయ్య కాఫీ కోసం తెప్పించే ప్యాకెట్టు మూల కత్తిరించి, సగానికి సగం నీళ్ళు కలిపి, కాచి, చల్లార్చి, గాజు సీసాలోకి వంపుతాను. సీసా మీద ఆయన తన చేత్తో రాసి అంటించిన చీటీ ఉంటుంది: ‘సోయా. ఇంట్లో తీసినవి.’ చీటీ తడవకుండా పోయడం ఇప్పుడు బాగా అలవాటైంది. మూత బిగించి, సీసాని ఫ్రిజ్‌లో ముందు వరసలో పెట్టి, ఖాళీ ప్యాకెట్టుని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్ట అడుగుకి తోస్తాను. అప్పుడు గానీ మనసు కుదుటపడదు. నాలుగు నెలలుగా ఇదే. ఏదో ఒక రోజు ఆయనకి తెలిసిపోతుంది. తెలిసిన రోజు ఈ ఇంట్లో నా మాటకి విలువ పోతుంది. నేనుంటానో లేదో కూడా తెలీదు.

ఆయన వీగన్. పాలు, పెరుగు, వెన్న, గుడ్డు, ఆఖరికి తేనె కూడా ముట్టరు. రెండేళ్ళ క్రితం ఎవరో పంపిన వీడియోలో దూడని తల్లి దగ్గర్నుంచి ఈడ్చుకెళ్ళడం చూసి ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు, నా ఎదురుగానే. ఇంత మెత్తటి మనిషి నాకు దొరికాడని ఆ రోజు పొంగిపోయాను. ఆ మెత్తదనం వంటింటి గుమ్మం దాటి లోపలికి రాదని అప్పటికి తెలీదు. నేను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కొంచెం కష్టంగా ఉందని అన్నాను. అత్తయ్య కాఫీ కప్పు కింద పెట్టకుండానే, “వాడు నోరులేని జీవాల మీద జాలి చూపిస్తున్నాడు, నువ్వు నోరున్న మొగుడి మీద చూపించలేవా?” అంది. ఆ తర్వాత మళ్ళీ అనలేదు.

ఆయన బీమా ఆఫీసులో పని చేస్తారు. ఆఫీసుల్లో ఉచితంగా పంచే ఒక వారపత్రికలో ‘తీరిక లేనివాళ్ళ వీగన్ వంటిల్లు’ అని రాస్తారు కూడా. చాలామంది చదువుతారు. ‘ఆదివారం ఒక్క గంట కేటాయించండి, వారమంతా నిశ్చింత. శనగలు ఉడికించి డబ్బాల్లో వేసి గడ్డకట్టించండి. జీడిపప్పు నానబెట్టి రుబ్బితే మీగడ మర్చిపోతారు. సోయాపాలు పది నిమిషాల పని.’ ఇవన్నీ పాఠకులకి చెప్తున్నట్టే ఉంటాయి గానీ, ఆయన రాసేసరికి ఆ శనగలు ఉడికిపోయి ఉంటాయి, ఆ డబ్బాలు కడిగి బోర్లించి ఉంటాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇద్దరికీ లోకువైన మనిషి ఇంకొకరుంటారని ఆ సామెత కట్టినవాళ్ళకి తట్టినట్టు లేదు.

మొదట్లో అట్టపెట్టెల్లో వచ్చే సోయాపాలు కొనేవాళ్ళం. ‘ప్యాకెట్ల మీద బతకడం కూడా ఒక బతుకేనా’ అని ఎవరో పాఠకుడు ఉత్తరం రాశాక ఆయనకి పౌరుషం వచ్చింది. “ఇక మనమే తీసుకుందాం,” అన్నారు. ఆ మనమేలో ఆయన వాటా, సీసా మీద చీటీ రాయడం. ముందురోజు గింజలు నానబెట్టాలి. పొద్దున్నే నలిపి పొట్టు తియ్యాలి. మిక్సీలో రుబ్బి, గుడ్డలో వేసి, చేతుల్లో బలమంతా పెట్టి పిండాలి. కాస్తుంటే క్షణం పక్కకి తిరిగినా నురగ పొంగి స్టవ్వంతా అంటుకుంటుంది. గుడ్డ జిగురు ఎన్ని నీళ్ళు పోసినా వదలదు. మిగిలిన పిప్పి పారేస్తే, “అందులోనే ఉంది బలమంతా, కట్‌లెట్లు చెయ్యచ్చుగా,” అంటారు. నాకు ఆరూ నలభైకి బస్సు.

నేను రక్తపరీక్షల ల్యాబులో నమూనాలు తీస్తాను. ఏడు గంటలకల్లా పరగడుపున వచ్చినవాళ్ళు కుర్చీల్లో వరసగా కూర్చుని ఉంటారు, ఆకలితో, కోపంతో, భయంతో. నేను సూది తీస్తుంటే కొందరు గోడ వైపు తిరుగుతారు, కొందరు నా మొహంలోకి చూస్తారు. రెండుసార్లు పావుగంట ఆలస్యంగా వెళ్ళాను. మేనేజరు అందరిముందూ, “మీ ఇంట్లో పిల్లా జెల్లా ఎవరూ లేరు కదమ్మా. ఉన్నదే ముగ్గురు. అంత పనేముంటుంది?” అన్నాడు. ఏం చెప్పాలి? సోయాగింజల పొట్టు తీస్తున్నానని చెప్తే నవ్వుతారు. “మూడోసారైతే ఇక రానక్కర్లేదు,” అన్నాడు. నేను తలూపి చేతులకి గ్లవ్స్ తొడుక్కున్నాను. వేళ్ళ మధ్య పచ్చి సోయా వాసన. సబ్బుతో ఎంత రుద్దినా పోయేది కాదు.

అలా ఉన్నప్పుడే మా పెళ్ళిరోజు వచ్చింది. హోటల్‌కి వెళ్ళాం. ఎప్పుడు వెళ్ళినా ఆయన సర్వర్‌ని ప్రశ్నలు అడుగుతుంటే నేను బల్లమీది గుడ్డ అంచు మడతపెడుతూ కూర్చుంటాను. సూపులో వెన్న ఉందా? నూడుల్స్‌లో గుడ్డుందా? అదే పెనం మీద ఇంకేమైనా వేయించారా? ఆ రోజు పుట్టగొడుగుల పళ్ళెం రెండుసార్లు వెనక్కి పంపారు. “నా నాలుక హంసలాంటిది, పాలూ నీళ్ళూ వేరు చేసేస్తుంది. ఇందులో వెన్న తగిలింది,” అన్నారు. నాకు వంటగది తలుపు ఎదురుగా కనిపిస్తోంది. దానికి గుండ్రటి అద్దం ఉంది. ఆ అద్దంలోంచి చూశాను. సర్వర్ లోపలికి వెళ్ళి, పళ్ళెం గట్టుమీద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు ఊరికే నిలబడ్డాడు. భుజం మీది గుడ్డతో పళ్ళెం అంచు తుడిచాడు. రెండు కొత్తిమీర ఆకులు పక్కకి జరిపాడు. అదే పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఆయన ఒక ముక్క నమిలి, కళ్ళు మూసుకుని, “ఇదీ. ఇప్పుడు తెలుస్తోంది తేడా,” అన్నారు. సర్వర్ కళ్ళూ నా కళ్ళూ కలిశాయి. అతని మొహంలో వెటకారం లేదు. పొద్దుట్నుంచి నిలబడ్డ కాళ్ళు మాత్రం కనిపించాయి ఆ మొహంలో. నేను తల దించుకుని నా పళ్ళెంలో చల్లారిపోయింది తిన్నాను.

మర్నాడు పొద్దున్న మిక్సీ పట్టేసరికి ఆరయింది. పాలు అర సీసాయే వచ్చాయి. పక్కన అత్తయ్య ప్యాకెట్టు ఉంది. నా చెయ్యి దానంతటదే వెళ్ళిందని చెప్తే అబద్ధం. నేను ఆలోచించే పోశాను. మొదట సగం సగం. వారానికి ముప్పావు. నెల తిరిగేసరికి గింజలు నానబెట్టడం మానేశాను. రుచి మెల్లగా మారింది కాబట్టి ఆయనకి తెలియలేదు. పైగా ఒకరోజు కాఫీ తాగుతూ, “ఈమధ్య బాగా కుదురుతున్నాయి. మనసుపెట్టి చేస్తే ఎందుకు రావు?” అన్నారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. మా ఇంట్లో పోసే పిల్లి ఒకటి, తాగే పిల్లి ఒకటి.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ల్యాబులో నాకు నేర్పిన మొదటి పాఠం, గొట్టం మీద చీటీ, గొట్టంలో రక్తం ఒకరివే కావాలని. అది తప్పితే ఇంకెన్ని ఒప్పయినా లాభం లేదు. ఎవరి జబ్బో ఎవరికో అంటుకుంటుంది. రోజుకి అరవై గొట్టాలకి చీటీలు సరిచూసే నేను, ఇంట్లో ఒక్క సీసాకి సరిచూడను. ఆయన వద్దని ఒట్టు పెట్టుకున్నది ఆయనకి తెలియకుండా ఆయన నోట్లో పోస్తున్నాను. అది తప్పు కాదని నాకు నేను ఒక్కరోజు కూడా చెప్పుకోలేకపోయాను. మానేద్దామని ప్రతి ఆదివారం అనుకుంటాను. సోమవారం ఆరూ నలభైకి బస్సు ఉంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన ఫోన్ చేశారు. “సాయంత్రం మా ఎడిటర్ మేడం మనింటికి వస్తున్నారు. నా వ్యాసాలు పుస్తకంగా వేస్తారట. ఏదైనా సింపుల్‌గా చేసెయ్. సూపు, నూడుల్స్, చివర్లో ఏదో ఒక పుడ్డింగు. పది నిమిషాల పనే.” గింజలు నానాలంటే ఎనిమిది గంటలు పడుతుందని చెప్పబోయాను. అప్పటికే పెట్టేశారు. బస్సు దిగి దుకాణానికి పరుగెత్తాను. టోఫూ దొరికింది, గడ్డకట్టిన బఠాణీ దొరికింది, అట్టపెట్టె సోయాపాలు ఉండే అర ఖాళీ. “రేపు వస్తాయండి,” అన్నాడు దుకాణంవాడు. ఇంకో దుకాణానికి వెళ్ళే టైము లేదు. ఇంటికొచ్చి, సీసా తీసి, పుడ్డింగు చేశాను. ఇంకొక్క రోజు గడిస్తే చాలనుకున్నాను. నాలుగు నెలలుగా అనుకుంటున్నదే.

ఎడిటర్ గారు ఐదేళ్ళ కూతురితో వచ్చింది. భోజనాలు బాగానే జరిగాయి. ఆయన పాఠకుల ఉత్తరాలు చదివి వినిపించారు. అత్తయ్య పాపతో, “మా అబ్బాయి కోడిపెట్టని కూడా పలకరించి పోతాడే,” అని నవ్వించింది. నేను పుడ్డింగు కప్పులు తెచ్చి అందరి ముందూ పెట్టాను. పాప చెంచా ముంచింది. అప్పుడు ఎడిటర్ గారు కుర్చీలో వెనక్కి వాలి అంది, “ఎంత హాయిగా ఉందో తెలుసా అండీ. దీనికి పాలు పడవు. ఒక చుక్క తగిలినా గొంతు వాచిపోతుంది. పోయినేడు రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. అందుకే బయట ఎక్కడా తిననివ్వను. మీ ఇల్లు మాత్రం నిశ్చింత.”

నేను పాప చేతిలోంచి కప్పు లాక్కున్నాను. చెంచా కింద పడింది. “చీమ పడిందమ్మా,” అన్నాను. చూడండి, అప్పుడు కూడా అబద్ధమే వచ్చింది నోటికి. పాప మొహం ముడుచుకుంది. “పోన్లే, నాది తీసుకో తల్లీ,” అని ఆయన తన కప్పు జరిపారు. దాన్నీ లాక్కున్నాను. ఆయన నవ్వుతూనే నా వైపు పళ్ళు బిగించి చూశారు. “ఏమైంది నీకు? సరే, ఫ్రిజ్‌లో పాలున్నాయిగా, పాపకి ఒక గ్లాసు పొయ్యి. స్వచ్ఛమైన సోయాపాలు మేడం, మా ఆవిడ పొద్దున్నే తీస్తుంది.”

“అయితే ఒక సీసా పట్టుకెళ్తానండీ, పొద్దున్న దీనికి కలిపిస్తాను,” అంది ఆవిడ.

“అవి ఆవుపాలు,” అన్నాను.

ఆయనే ముందు నవ్వారు. “జోకులేస్తోంది.”

“కాదు. పుడ్డింగులో కూడా అవే. పాపా, నోట్లో పెట్టుకున్నావా? నిజం చెప్పు.”

పాప తల అడ్డంగా ఊపింది. ఎడిటర్ గారు లేచి దాని నోరు తెరిపించి చూసి, చేతులు కడిగించి, ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

“ఎప్పట్నుంచి?” అన్నారు ఆయన.

“నాలుగు నెలల్నుంచి.”

ఆయన లేచి సింకు దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించారు. మళ్ళీ మళ్ళీ పుక్కిలించారు. ఆ వీపు చూస్తే నాకు జాలేసింది. ఆ రోజు దూడని చూసి ఏడ్చిన ఏడుపు నిజమే, ఈ పుక్కిలింత కూడా నిజమే. వెనక్కి తిరిగి, “అమ్మా, నీకు తెలుసా?” అన్నారు.

అత్తయ్య బల్ల మీది మెతుకులు ఒక దగ్గరికి ఊడుస్తోంది. “రోజూ ఇంకో ప్యాకెట్టు వెయ్యమని పాలవాడికి చెప్పింది నేనే. నీకు కడుపు నిండుతోంది, ఆ పిల్లకి బస్సు అందుతోంది. చెప్పి ఏం చెయ్యనురా?”

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

ఎడిటర్ గారు చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది. నన్ను తిడుతుందనుకున్నాను. “నిజంగా ఆ పాలు తియ్యడానికి ఎంతసేపు పడుతుంది?” అని అడిగింది.

“నానబెట్టింది కాక గంటన్నర.”

ఆవిడ ఆయన వైపు తిరిగింది. “మరి ఆ పది నిమిషాలు ఎవరు లెక్కపెట్టారండీ?”

ఆవిడ పుస్తకం మాట ఎత్తకుండా పాపని ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున్న ఐదున్నరకి నేను వంటింట్లోకి వెళ్ళేసరికి ఆయన అక్కడున్నారు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డారు. ఆ వేళప్పుడు ఆ గదిలో ఆయన్ని చూడటం అదే మొదటిసారి. గిన్నెలో గింజలు నానుతున్నాయి. కాదు, గింజలు మునిగేన్ని నీళ్ళు కూడా లేవు. పైవి ఎండిపోయి ఉన్నాయి.

“నేనే నానబెట్టాను,” అన్నారు మెత్తగా. “బాగా ఆలోచించాను. నీ మీద కోపం లేదు. తప్పు చేశావు, ఒప్పుకున్నావు. పాఠకులకి కూడా దాచకుండా చెప్పేద్దాం. ఇక్కడ నిలబడి ఎందుకు చేశావో చెప్పు, నేను వీడియో తీస్తాను. ఆఖర్న నిన్ను క్షమించానని నేను చెప్తాను. ఆ తర్వాత మామూలే. రోజూ నువ్వు పాలు తియ్యి, నేను పక్కనే ఉండి చూస్తాను.”

ఫోను ఎత్తి పట్టుకున్నారు. గడియారం ఐదూ నలభై చూపిస్తోంది. హాల్లో అత్తయ్య దగ్గు వినిపించింది. కాఫీకి లేచినట్టుంది. నేను గింజల గిన్నె వైపు చూశాను, ఆయన చేతుల వైపు చూశాను. నాలుగు నెలలుగా దేనికి భయపడ్డానో అది జరిగిపోయింది. నా మాటకి విలువ పోయింది. ఇక నా చేతి పాలు ఎవరూ నమ్మరు. దాన్ని శిక్ష అనుకుంటూ ఇన్నాళ్ళూ వణికాను.

నేను సంచీ భుజానికి తగిలించుకున్నాను.

“మీకు దండం పెడతాను, నన్ను క్షమించకండి,” అన్నాను. “క్షమిస్తే రేపట్నుంచి మళ్ళీ నేనే తియ్యాలి.”