హవల్దారు తెల్లచొక్కా

వాషర్‌మెన్‌పేట్‌లో ఆ వీధి మొదట్లో కోకిల ఇస్త్రీ బండి ఉంటుంది. పొద్దున ఆరున్నరకల్లా పెట్టెలో బొగ్గులు రాజేసి, ముందు బడిపిల్లల యూనిఫారాలు, తర్వాత ఆఫీసులవాళ్ళ చొక్కాలు చేస్తుంది. ఆమె ఇస్త్రీ చేసిన బట్ట వేసుకుని అబద్ధం చెబితే అది అక్కడికక్కడే నలిగిపోతుంది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. పెళ్ళిమాటలకు పోయేవాళ్ళు ఆ ఒక్కరోజూ బట్టలు ఇంకో చోట ఇస్త్రీ చేయించుకుంటారు.

కోకిల అన్న ఆదికేశవులు అదే వీధిలో పదిళ్ళ అవతల ఉంటాడు. ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో చేసి హవల్దారుగా రిటైరయ్యాడు. ఆయన తెల్లబట్టలు మాత్రం పురసవాక్కం పోతాయి. ఆడ గంజి బాగా పెడతారంటాడు. సొంత చెల్లెలు వీధిలో బొగ్గులు రాజేసుకుంటుంటే గంజి కోసం అంతదూరం పోయే మనిషిని ఏమనాలి? కోకిల ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఈసారి రిపబ్లిక్ డే ముందురోజు పురసవాక్కం షాపు మూసి ఉంది. ఆయన కోడలు విజయ జెండా పండక్కి వేసుకునే తెల్లచొక్కాను ఆయనకు చెప్పకుండానే కోకిలకిచ్చి చేయించింది. మామ అబద్ధమాడతాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

వీధి బడిలో ఏటా జెండా ఎగరేసేది ఆదికేశవులే. ఏటా చెప్పే మాటలూ అవే. వాటిని వింటూ పెరిగిన పిల్ల శ్రీప్రియ, కోకిల మనవరాలు, ముందు వరసలో కూర్చుంది. వచ్చే వారం ఆ పిల్లకు సైన్యంలో సెలక్షను.

"నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. దేశం పిలిచింది. ఇంకేమీ ఆలోచించకుండా పోయినాను" అన్నాడు ఆదికేశవులు.

కాలరు ముడుచుకుంది. తర్వాత భుజాలు, చేతులు, బొత్తాల వరస. జనం మర్యాదగా జెండా వైపు చూశారు. వెనక నిలబడ్డ కోకిల తన పనే చెడినట్టు తల దించుకుంది. అది చూసి ఆయనకు ప్రాణం చచ్చిపోయింది. మాట సగంలో ఆపి దిగిపోయాడు.

బండి దగ్గర శ్రీప్రియ ఆయన్ని పట్టుకుంది.

"నిజం ఏంది తాతా? వచ్చే వారం నేను పోవాల."

ఆయన చెప్పాడు. పదో తరగతిలో ఉండగా అమ్మతో కలిసి ఉతికిన బట్టల మూట ఒక ఇంటికి మోసుకుపోయాడట. తలుపు తీసింది క్లాసులో పక్కన కూర్చునే పిల్లవాడు. ఈమె ఎవరని అడిగాడు. మా వీధిలో ఉండే ఆమె, బరువని సాయం వచ్చానన్నాడు ఈయన. అమ్మ పక్కనే ఉంది. మాట్లాడకుండా బట్టలు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ సిగ్గు మోయలేక, వయసు రాగానే సైన్యం లైనులో నిలబడ్డాడు. ఆ తర్వాత మంచులో కాపలా కాసింది నిజం, స్నేహితులను మోసుకొచ్చింది నిజం.

"పోయింది మాత్రం ఆ మూట కనపడని చోటికి" అన్నాడు.

ఇంత నిజం చెప్పినా చొక్కా బాగుపడలేదు. నలిగిందంటే మళ్ళీ పెట్టె కిందికి పోవాల్సిందే. ఆయన నడివీధిలో చొక్కా విప్పి, బనీనుతో నిలబడి, చెల్లెలికిచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

కోకిల నీళ్ళు చిలకరించింది. తల ఎత్తలేదు.

"నువ్వు పోయే దినం నీ చొక్కాకి అమ్మే పెట్టె ఏసింది అన్నా. దేశం కోసం పోతా ఉండానని దాన్ని ఏసుకొనే చెప్పినావు. మన ఇంట్లో మొదట నలిగిన గుడ్డ అదే."

"నేను చూళ్ళేదే."

"వీపు తట్టు నలిగింది. నువ్వు తిరిగి చూడకుండా పోయినావు. వీధి చివరి దాకా అమ్మ చూస్తానే ఉండింది."

ఆయన తల తిప్పి వీధి చివరికి చూశాడు.

శ్రీప్రియ లోపలికి పోయి, సెలక్షనుకని దాచుకున్న చుడీదారు తెచ్చి బండి మీద పెట్టింది. నెలరోజులుగా ఆ పిల్ల తీగ మీంచి తీసిన బట్టలే ఇస్త్రీ లేకుండా వేసుకుంటోంది. కోకిల దానికీ పెట్టె వేసింది. వేడి ఆరకముందే శ్రీప్రియ దాన్ని వేసుకుని వచ్చి అవ్వ ఎదుట నిలబడింది.

"నీ బండి దగ్గర నిలబడేదానికి నాకు సిగ్గు అవ్వా. అందుకే పోతా ఉండా."

ఒక్క ముడత పడలేదు. కోకిల ఆ గుడ్డను మెడ నుంచి అంచు దాకా చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"సరే, పోయి రా. పోయేటప్పుడు ఒకసారి తిరిగి చూడు" అంది.

ఆదికేశవులు చొక్కా సిద్ధమైంది. కోకిల దాన్ని వీపు తట్టు పైకి వచ్చేట్టు మడిచి చాపింది. అందుకోవడానికి ఆయనకు చెయ్యి రాలేదు.