కొంగ కన్ను, తవిటమ్మ కాటుక

నేను ఒక భూతద్దాన్ని. పిడి పట్టుకుని పేపరు చదివే పెద్దమనుషుల భూతద్దం అనుకునేరు, కాదు. పొట్టి గొట్టాన్ని. ఫోటో మీద నన్ను బోర్లించి, పైన ఒక కన్ను ఆనించి, రెండో కన్ను మూసి చూడాలి. ఈ మాత్రం పని చేతకాక, మూతి వంకర పెట్టి రెండు కళ్ళూ మూసేసుకుని "ఏమీ కనబడ్డం లేదే!" అనే మహానుభావుల్ని చాలామందిని చూశాను.

ముందే చెప్తున్నా, నాకు మెత్తగా మాట్లాడ్డం రాదు. నా పుట్టుకే రాపిడి. ఎక్కడో ఉత్తరాదిలో రేకుల షెడ్డులో గాజుబిళ్ళని పొడివేసి అరగదీసి, అరగదీసి నన్ను చేశారు. నునుపైంది నా ఒళ్ళు. నోరు కాదు.

మొదట శ్రీకాకుళంలో ఒక అచ్చాపీసులో పడ్డాను. ఫోటోలకి బ్లాకులు చేసే పట్నాయక్ మేస్త్రి నా యజమాని. పేపర్లో ఫోటో అంటే మీకు మొహం, నాకు చుక్కలు. మంత్రిగారి చిరునవ్వయినా, సబ్బు ప్రకటనలో పిల్ల బుగ్గయినా, దగ్గరికెళ్తే అవే నల్ల చుక్కలు. ఈ సంగతి తెలిశాక నాకు గొప్పవాళ్ళంటే భయం పోయింది. మేస్త్రి భార్యకి మాత్రం నేను కాల్లో ముల్లు తీసే సాధనాన్ని. అదీ గౌరవమే. ముల్లు కనబడ్డప్పుడు ఆవిడ పడ్డ ఆనందం ఏ మంత్రి ఫోటో చూసీ ఎవరూ పడలేదు.

కంప్యూటర్లొచ్చాయి, బ్లాకుల పని పోయింది. టెక్కలిలో పెళ్ళిఫోటోల స్టూడియో నడిపే దమయంతి ఆల్బమ్ అట్టల కోసం మా అచ్చాపీసుకి వస్తుండేది. మేస్త్రి ఒకరోజు నన్ను ఆమె చేతిలో పెట్టాడు. "ఏమ్మా, నీ ఫోటోలన్నీ బావున్నాయంటున్నారట జనం. ఆ మాట నమ్మకు. దీన్నడుగు" అన్నాడు.

దమయంతికి పెళ్ళిళ్ళు కూడు పెట్టేవి, పక్షులు పిచ్చెక్కించేవి. ముహూర్తాలు లేని రోజుల్లో పొడుగు లెన్సు భుజాన వేసుకుని గట్ల వెంట తిరిగేది. ఇంటికొచ్చి ఫోటోల మీద నన్ను బోర్లించేది. అప్పుడు మొదలయ్యేది మా పంచాయితీ. ఫోటోలో మొదట ఏం చూడాలి? రంగు కాదు, ఆకాశం కాదు. కన్ను. పిట్ట కంట్లో వెలుగు చుక్క గుండుసూది మొనలా నిలబడిందా, మిగతా రెక్క కాస్త చెదిరినా నేను క్షమిస్తాను. కన్ను మసకైతే నెమలి పురి విప్పినా నాకక్కర్లేదు. తర్వాత ఈక. తెల్లచీర మీద తెల్లదారం కుట్టు ఎలా కనబడుతుందో, తెల్ల పిట్ట మీద ఈక గీతలు అలా కనబడాలి. కనబడక సున్నం కొట్టినట్టుందంటే వెలుతురు ఎక్కువైపోయినట్టే. తెల్లమబ్బుకి ఎదురుగా తీస్తే పిట్ట బొగ్గయిపోతుంది. ఇంతే శాస్త్రం. దీనికి పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్ళని నమ్మకండి.

ఇక అసలు కథ. దమయంతి అమ్మమ్మ తవిటమ్మది గుల్లివలస. వానలు పడగానే ఆ ఊరి రోడ్డు పక్క చింతచెట్ల మీదికి నత్తకొంగలు దిగుతాయి. నత్తల్ని ఒలుచుకు తినే కొంగలు, ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. ఊళ్ళోవాళ్ళకి అవి కొంగలు కావు, పురిటికొచ్చిన ఆడపడుచులు. అవి ఉన్నన్నాళ్ళూ టపాకాయ పేలదు, చింతకొమ్మ మీద కత్తి పడదు. రెట్టలు నెత్తిన పడితే తిట్టుకుంటూనే తుడుచుకుంటారు.

ఆ ఏడు రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి చెట్ల మొదళ్ళకి ఎర్రరంగు కొట్టారు. ఆ చెట్లని సోమవారం కొట్టేస్తారట. ఊరంతా వెళ్ళి ఇంజినీరు జీపుకి అడ్డం నిలబడింది. ఆయన తలెత్తి చూశాడు. కింద నుంచి పుల్లలూ రెట్టలూ తప్ప ఏముంటాయి?

"పాత గూళ్ళు సార్, ఖాళీవి" అన్నాడు పక్కనున్న కాంట్రాక్టరు.

"పిల్లలున్నాయి బాబూ!" అని ఊరు గోల పెట్టింది.

"ఉంటే ఎగిరేదాకా ఆపుతాను. చూపించండి" అన్నాడు ఇంజినీరు. మర్యాదస్తుడే.

సెల్‌ఫోన్లు బయటికొచ్చాయి. తెల్లటి మబ్బుకి ఎదురుగా, చెట్టు కింద నిలబడి తీసిన ఫోటోలు. పక్షులన్నీ నల్లగా మాడిపోయి ఉన్నాయి.

"ఇవి కాకులు కదయ్యా!" అని కాంట్రాక్టరు పగలబడి నవ్వాడు.

కబురందుకుని దమయంతి పరుగున వచ్చింది. ఊరి మంచినీళ్ళ ట్యాంకు ఎక్కితే గూళ్ళలోకి పైనుంచి చూడొచ్చు. కానీ మెట్ల దగ్గర తవిటమ్మ కర్ర అడ్డం పెట్టి కూచుంది.

"ఏటే గుంటా, పురిటి బిడ్డలకి పొటువులు తీసీత్తావా? దిష్టి తగిలి సచ్చిపోవా? నువ్వు పుట్టినప్పుడు మీ నాన్ననే పొటువు తియ్యనివ్వలేదు నాను."

"అమ్మమ్మా, ఫోటో తియ్యకపోతే చెట్టే ఉండదే! దిష్టి పెద్దదా, గొడ్డలి పెద్దదా?"

ముసలమ్మ చెయ్యి చాపింది. "అయితే ఆ డబ్బా ఓపాలి ఇలగియ్యి" అంది. కెమెరాని ఒళ్ళో పెట్టుకుని ఏదో గొణిగింది. నేను సంచిలో ఉన్నాను, వినబడ్డమే గానీ కనబడలేదు. మరుక్షణం "ఎల్లు, ఎక్కు" అని కర్ర తీసేసింది. అంత తొందరగా ఒప్పుకుందంటేనే అనుమానించాల్సింది.

దమయంతి ట్యాంకెక్కింది. గూళ్ళ నిండా పిల్లలు! మెడలు సాచి కొట్టుకు చస్తున్నాయి. తీసింది, తీసింది, చెయ్యి నొప్పెట్టేదాకా తీసింది. ట్యాంకు మీదే కూచుని కెమెరా వెనక తెర మీద నన్ను బోర్లించింది.

అన్నీ మసక. పాలలో ముంచి తీసినట్టు. పిల్లలకి కళ్ళే లేవు.

"నా చేతులే వణికాయి. ఎత్తంటే భయమేసింది. ఇంక అయిపోయింది" అంది. మోచేత్తో కళ్ళు ఒత్తుకుంది. సాయంత్రమవుతోంది, మర్నాడే సోమవారం.

నాకు ఒళ్ళు మండింది. ఏడుపెందుకు, చూడవేం? నా మాట ఆమెకి వినబడదు గాబట్టి ఆమె కంటినే అటూ ఇటూ తిప్పాను. చెయ్యి వణికితే గీతలన్నీ ఒకే పక్కకి సాగుతాయి. ఇక్కడ సాగలేదు. గురి తప్పితే పిల్ల మసకైనా ముందు ఆకో వెనక కొమ్మో కచ్చితంగా ఉంటుంది. ఇక్కడ ఆకూ మసకే, కొమ్మా మసకే, ఎవరికీ పక్షపాతం లేదు. అలాంటి సమానత్వం లోకంలో ఎక్కడా లేదు, ఫోటోలో ఎందుకుంటుంది? అంటే తప్పు చేతిదీ కాదు, గురిదీ కాదు.

దమయంతి చటుక్కున లేచి లెన్సు తొడుగులోకి తొంగి చూసింది. అద్దం నిండా నల్లటి జిడ్డు.

"అమ్మమ్మా!" అన్న కేకకి కొంగలు కూడా తలలు తిప్పాయి. "లెన్సుకేం పూశావే?"

కింద నుంచి తవిటమ్మ తాపీగా జవాబిచ్చింది. "ఏటి పూత్తాను? దిష్టిసుక్క ఎట్టినాను. ఆముదం కాటుక, మంచిదే."

చుక్కే పెట్టింది పాపం. మూత మళ్ళీ పెడుతుంటే వేళ్ళు తగిలి అది అద్దమంతా పులుముకుంది.

"చుక్క బుగ్గన పెడతారా, కంట్లో పొడుస్తారా?"

"దానికి కన్నేదో బుగ్గేదో నాకేటి తెలుసే! అంతా నల్లగా తగలడింది గదా!"

ట్యాంకు కింద ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. దమయంతి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అద్దం శుభ్రంగా తుడిచింది. సాయంత్రపు ఎండ మబ్బు చీల్చుకుని చెట్ల మీద పడింది. అప్పుడు తీసింది ఒక ఫోటో, నా బతుకులో నేను చూసిన అన్నిట్లోకీ దొడ్డది. తల్లికొంగ ముక్కు సందులో నత్త, కింద నోరు తెరిచిన పిల్లలు, ముందున్న పిల్ల కంట్లో వెలుగు చుక్క. ఈక ఈకా లెక్కపెట్టుకోవచ్చు. వెనక పక్కచెట్టు మొదట్లో కాస్త మసగ్గా ఎర్రరంగు. మసకైతేనేం, అది రంగని తెలుస్తోంది చాలు.

రాత్రికి రాత్రే స్టూడియోలో ప్రింటు తీసి, పొద్దున్నే జీపు బానెట్ మీద ఆ ఫోటో పరిచి, నన్ను దాని మీద నిలబెట్టారు.

"పాత ఫోటో సార్" అన్నాడు కాంట్రాక్టరు.

"మీరు మొన్న కొట్టిన రంగు ఇందులోకి ఎలా వచ్చిందండీ?" అంది దమయంతి.

ఇంజినీరు వంగి నా మీద కన్ను పెట్టాడు. మొదట రెండు కళ్ళూ మూశాడు, అలవాటే. తర్వాత ఒకటి తెరిచాడు. "అరె! నోట్లో నత్త! ఇదిగో, ఇక్కడ ఇంకో పిల్ల దాక్కుంది!" జీపు డ్రైవర్ని పిలిచాడు, రంపాల వాళ్ళని పిలిచాడు. రంపాలు కింద పెట్టి అందరూ వరస కట్టారు. చివరికి కాంట్రాక్టరు కూడా చూశాడు. "కాకులు కావులెండి" అన్నాడు చిన్నగా.

పిల్లలు ఎగిరేదాకా చెట్లు ఆగాయి. ఈలోగా ఊరు ఊరుకోలేదు. ఆఫీసు మెట్ల మీద కూచుంది, అరిచింది, ఆ ఫోటో పట్టుకుని కనబడ్డ ప్రతి పెద్దమనిషి ముందూ నన్ను నిలబెట్టింది. రోడ్డు చెట్లకి అవతలి పక్కకి జరిగింది. చూపించగలిగితే జరుగుతుంది, నోరు మూసుకుంటే జరగదు. నేను నేర్చుకున్న రాజకీయం ఇదొక్కటే.

ఇప్పుడు నేను గుల్లివలసలో, తవిటమ్మ ఇంటి గోడకి, ఆ ఫోటో పక్కన దారంతో వేలాడుతున్నాను. వానాకాలం వస్తే కొంగల కోసం వచ్చేవాళ్ళతో నాకు తీరిక ఉండదు. మొదటిసారి నాలోంచి చూసిన రోజు ముసలమ్మ కన్ను మార్చి మార్చి చూసింది. తల్లికొంగ కంటి చుట్టూ నల్లటి చర్మం ఉంటుంది, మీరెప్పుడైనా గమనించారా?

"ఓలమ్మా! ఇది ముందే కాటుక ఎట్టుకునొచ్చినాది. మజ్జిలో నా సుక్కెందుకే?" అంది.

ఆ పొద్దు తను పెట్టుకోగా వేలికి మిగిలిన కాటుక వృథా పోనివ్వలేదు. నా అంచు మీద, అద్దానికి తగలకుండా, చాలా జాగ్రత్తగా ఒక చుక్క పెట్టింది.