గంగుబాయి బదలా

గంగుబాయి సర్పంచిగా గెలిచిన రోజు నుంచి చెన్నూరు దగ్గరున్న ఆ ఊళ్లో అందరి నోటా ఒక్కటే మాట, బదలా. చదువుకున్నవాళ్లు ప్రతీకారం అంటారు, పేపరువాళ్లు కక్షసాధింపు అని రాస్తారు. ఆ ఊళ్లో మాత్రం కబడ్డీలో ఓడితే బదలా, పక్కింటి కోడి వచ్చి కొత్తిమీర మడి గోకితే బదలా. చీటికిమాటికి వాడి వాడి ఆ మాటకు పదును లేకుండా చేశారు. గంగుబాయి గెలిచాక మాత్రం దాని అసలు అర్థం అందరికీ బాగానే గుర్తొచ్చింది.

ఎందుకు గుర్తురాదు? అంతకుముందు సర్పంచి రాయమల్లు. గంగుబాయి ఉండే బురుజు వాడవాళ్లు తనకు ఓట్లు వేయలేదని, ఒక ఎండాకాలమంతా ఆ వాడ నల్లాల్లో చుక్క రాకుండా వాల్వు కట్టేయించాడు. ఆ ఎండల్లోనే గంగుబాయి తండ్రి, ఆమె దగ్గరే ఉంటున్న ముసలాయన, కన్నుమూశాడు. శవానికి స్నానం చేయించడానికి ఇంట్లో చెంబెడు నీళ్లు లేవు. ఆమె ఏడ్చుకుంటూ రాయమల్లు ఇంటికి పోయి కాసేపు నీళ్లు వదిలించమని బతిమాలింది. ఆయన అరుగు మీద నుంచి లేవనైనా లేవలేదు. "మోటరు కాలిపోయింది" అన్నాడు. అప్పుడు ఆయన ఇంటి పక్కన బర్రెల గోలెం నిండి నీళ్లు బజారు మీదికి పొర్లుతున్నాయి.

గంగుబాయి ఎక్కడో చేను బావి నుంచి తెచ్చిన బురద నీళ్లతో తండ్రికి స్నానం చేయించి సాగనంపింది. తర్వాత ఆ గోలెం సంగతి నలుగురికీ చెబితే, "చావింట్ల ఉన్న మనిషి, ఏం చూసిందో ఏమో" అన్నారు. సర్పంచితో పెట్టుకునేదెవరు? నీళ్లు ఇవ్వకపోవడం ఒక ఎత్తు, తనను అబద్ధాలకోరును చేయడం ఒక ఎత్తు. ఆ రెండోదే ఆమెకు ఎక్కువ మండింది.

ఇప్పుడు వాల్వు తిప్పే వెంకటి గంగుబాయి చెప్పినట్టు వినాలి. రాయమల్లు బిడ్డ వినోద పెళ్లి దగ్గరపడింది. ఇంకేం కావాలి?

"అవ్వా, గిదే మోక," అన్నాడు కొడుకు దేవదాస్. "పెండ్లి నాడు నీళ్లు బంద్ పెట్టు. అడగొస్తె గా మాటనే అను. మోటరు కాలిపోయింది అను."

ఆ మాట కొడుకు నేర్పాలా? బియ్యం చెరుగుతూ, ఇల్లు ఊడుస్తూ గంగుబాయి లోలోపల ఎన్నిసార్లు అనుకుందో. ఎలా అనాలో కూడా ఖాయం చేసుకుంది. కూర్చున్న చోటు నుంచి లేవకూడదు, అతని ముఖం చూడకూడదు.

"ఆయన చేసిందే నేను చేస్తె గది బదలా ఎట్లయితది బిడ్డా? నకలైతది," అంది పైకి. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆ నకలే ఆమెను ఊరిస్తూ ఉంది.

రాయమల్లు తన మనసుతోనే అందరి మనసులూ కొలిచే మనిషి. పెళ్లినాడు గంగుబాయి నీళ్లు ఆపకుండా ఉండదని ఒట్టేసి చెప్పాడు, ముందే చెన్నూరులో ట్యాంకరు మాట్లాడుకున్నాడు. తీరా ఆ పొద్దున ఊరందరితోపాటు ఆయన వాడకూ నీళ్లు వచ్చాయి. అయినా రోషం పొడుచుకొచ్చి, "ఆమె ఇడిసిన నీళ్లు నా గడప తొక్కద్దు" అని ఇంట్లో ఎవరినీ బిందె పట్టనివ్వలేదు. రోజూలాగే వేళ కాగానే నల్లాలు ఆగిపోయాయి. ట్యాంకరు వచ్చే దారిలో వాగు ఇసుకలో కూరుకుపోయింది.

ఇంట్లో మైలపోలు మొదలైంది. అంటే పెళ్లికూతురికి నలుగు పెట్టి, ముత్తైదువలు పాటలు పాడుతూ స్నానం చేయించే తంతు. వినోద పీట మీద కూర్చుంది, ఒంటికి పెట్టిన పసుపు ఎండిపోతోంది, పోయడానికి నీళ్లు లేవు. గతిలేక పక్కిళ్లవాళ్ల దగ్గర తీసుకున్న బిందెలు వంటకూ చుట్టాలు తాగడానికీ అయిపోయాయి. మధ్యాహ్నం ఎండలో రాయమల్లు స్వయంగా బురుజు వాడకు వచ్చాడు. వాడంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది.

గంగుబాయి గడప ముందు కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. దేవదాస్ తలుపుకు ఆనుకుని తల్లినే చూస్తున్నాడు.

"చెల్లె, ట్యాంకర్ దిగబడ్డది," అన్నాడు రాయమల్లు. "పిల్ల పసుపు మీద కూసున్నది. జర నీళ్లు ఇడిపియ్యి."

ఆమె లేవలేదు. అనుకున్న మాట నాలుక చివరికి వచ్చేసింది. అనేస్తే ఎంత హాయి. కానీ అన్న మరుక్షణం ఏమవుతుందో కూడా ఆమెకు తెలిసిపోయింది. ఇద్దరూ ఇద్దరేనని ఊరు నవ్వుకుంటుంది. ఆనాటి అబద్ధం మీద ఇక ఆమెకు నోరెత్తే హక్కు ఉండదు.

"వెంకటీ," అని కేకేసింది. "పోయి వాళ్ల వాడకు వాల్వు తిప్పు. పెండ్లి అయ్యేదాక బంద్ పెట్టకు."

వెంకటి పోయాడు. రాయమల్లు ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరగబోయాడు. అప్పుడు లేచింది గంగుబాయి. అతని ముఖంలోకి సూటిగా చూసింది.

"మోటర్ మంచిగున్నది, రాయమల్లన్నా. మా బాపు పోయిననాడు సుత మంచిగనే ఉండె."

నీళ్లు ఎలాగూ దొరికాయి, వినబడనట్టు వెళ్లిపోయినా అతన్ని ఆపేవాళ్లు లేరు. అతను మాత్రం అక్కడే నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"ఉండె, చెల్లె," అన్నాడు కడకు. "మంచిగనే ఉండె. తప్పు నాదే."

ఆనాడు ఏం చూసిందో ఏమో అన్నవాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్లందరూ విన్నారు.

"పో అన్నా, పిల్ల ఎదురుచూస్తది," అంది గంగుబాయి.

అతను మలుపు తిరిగేదాకా ఓర్చుకుంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని బాపు కోసం వెక్కివెక్కి ఏడ్చింది.

"గింతేనా అవ్వా?" అన్నాడు దేవదాస్.

ఆమె కళ్లు తుడుచుకుంది.

"గింతే బిడ్డా. గీ ఒక్క మాట కొరకే ఎలక్షన్ల నిలబడ్డ."