ఇరవయ్యో నిమిషం గంట

సేవా క్లబ్బు సమావేశంలో ఎవరి యాత్రా ప్రసంగమైనా ఇరవై నిమిషాలే. గంట మోగితే ఎంతటి పెద్దమనిషైనా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. ఈసారి గంట కొట్టే పని డాక్టరు భార్యది.

నిరుటి యాత్రలో పడవ ఒరిగినప్పుడు తోటి ప్రయాణికులకు తానెంత ధైర్యం చెప్పాడో డాక్టరు మైకులో ఊదరగొడుతున్నాడు. భార్య చేతిలోని లైఫ్ జాకెట్ లాక్కుని తాను తొడుక్కున్న సంగతి మాత్రం ఎత్తడం లేదు. ఏడాదిగా ఆవిడా కడుపులోనే దాచుకుంది.

వెనక వరసలోంచి లైబ్రేరియన్ అడిగింది. "మరి అప్పుడు మేడంగారు ఎక్కడున్నారండీ?"

డాక్టరు గంట కొట్టమన్నట్టు భార్యకేసి గుడ్లురిమాడు. ఇరవై నిమిషాలు ఎప్పుడో దాటాయి.

ఆవిడ గంటను తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు లాగింది.

"కంగారేం లేదు, చెప్పండి. వింటున్నాం."