నీలం ముక్కుపట్టి

చౌడప్ప వాకిట్లో గొంతుక్కూర్చుని చింతపండు పులుసుతో కళ్లెపు ఇనుము తోముతున్నాడు. ఏళ్ల తుప్పు. ఒక పట్టాన వదలడం లేదు.

పాకలోంచి పొన్ని మెడ చాచి చూస్తోంది. ముసలి గుర్రం. ముక్కుదూలం మీద వెంట్రుకలు అరిగి, ఆ మేర చర్మం నల్లగా నున్నబడింది. పాత నీలం చీరె పేని అల్లిన పట్టి రోజూ ఆనే చోటు అది. ఆ పట్టి ఇప్పుడు గుంజ మేకుకు వేలాడుతోంది.

దాన్ని అల్లింది అతని పెళ్లాం పచ్చయమ్మ. పొన్నిని కొన్న కొత్తలో చౌడప్ప లాగిన లాగుడుకు దాని నాలుక తెగింది. మేత ముట్టలేదు. పచ్చయమ్మ పెరియపాళయం జట్కావాళ్ల ఇంటి కూతురు. నోట్లో ఇనుము ఊడదీసి అటక మీదికి విసిరేసింది. ముక్కుకు పట్టి కట్టి, తానే పక్కన నడుస్తూ నేర్పింది. మెల్లగా లాగాలి. గుర్రం వినగానే వదలాలి. వదిలినప్పుడే దానికి అర్థమవుతుంది.

చౌడప్పకు లాగడం వచ్చింది. వదలడం సగమే వచ్చింది. తల్లికి బాగాలేదు, పోయి చూసి వస్తానని పచ్చయమ్మ అడిగినప్పుడూ అంతే. ఆ తల్లి పోయాకగాని పంపలేదు. ఇప్పుడు పచ్చయమ్మ కూడా లేదు.

నిన్న పోలీసులు తిరుత్తణి స్టేషన్ దగ్గరి జట్కా స్టాండుకు వచ్చి చెప్పిపోయారు. ఆడికృత్తిక పండగ, కొండకు కావళ్లు మోసుకొచ్చే జనం. నోట ఇనుము లేని గుర్రం కొండ దారిలోకి రాకూడదు. బండ్లవాళ్లందరూ చౌడప్పను చూసి నవ్వారు. ఊళ్లో ఇనుము లేనిది పొన్ని ఒక్కటే.

ఇనుము కడిగి దాని నోట్లో పెట్టాడు. పొన్ని నాలుకతో తోసింది. మళ్లీ పెట్టాడు.

స్టాండులో నటరాజ్ ఎదురొచ్చాడు.

“ఏమి చౌడన్నా, వదినె చీరె ఇంట్లోనే పెట్టేసి వచ్చినావా? కోపం చేసుకోదూ?”

“మూసుకోరా.”

నటరాజ్ పొన్ని మూతి చూశాడు. నవ్వు ఆగిపోయింది. “అన్నా, ఇనుము పాటికి ఇనుము ఉండనీ. పట్టి కూడా కట్టి, పగ్గాలు దానికే తగిలించు. పోలీసోడికి యాడ తెలస్తాది? ఇల్లు పక్కనే గదా, నేను పోయి తెస్తా.”

“ఇన్నేండ్లు బండి తోలినోణ్ణి. ఆడదాని చీరె లేకుంటే నాకు గుర్రం తోలేది రాదంటావా?”

నటరాజ్ బీడీ వెలిగించుకుని తన బండి దగ్గరికి పోయాడు.

తిరువళ్లూరు రైలు దిగిన రుక్మిణమ్మ అనే పెద్దావిడ మనవరాలితో పొన్ని బండి ఎక్కింది. దారి ఎత్తెక్కే చోట కావడివాళ్ల తప్పెట్లు ఎదురొచ్చాయి. పొన్ని చెవులు నిక్కించింది. చౌడప్ప లాగాడు. అది వెంటనే నిలిచింది. అంతటితో వదలాలి. అందరూ చూస్తున్నారు. అతను వదలలేదు.

నిలిచాక కూడా లాగితే వెనక్కి నడవాలి. అదీ పచ్చయమ్మ నేర్పిందే. పొన్ని వెనక్కి అడుగు వేసింది. మొండికేసిందనుకుని చౌడప్ప ఇంకా గట్టిగా లాగాడు.

“వదలయ్యా పగ్గం! దాని నోట్లో నెత్తర కారతా ఉంది!” రుక్మిణమ్మ అరిచింది.

ఆ మాట అతనికి కొత్త కాదు, పచ్చయమ్మ అనేదే. పిడికిలి బిగిసింది. పొన్ని ఇంకా వెనక్కి నడిచింది. చక్రం కాలువలోకి దిగి బండి ఒరిగింది. పొన్ని డొక్క రాతి గట్టుకు కొట్టుకునేలా పడింది.

రుక్మిణమ్మకు, పిల్లకు దెబ్బలు తగల్లేదు. నటరాజ్ పరుగున వచ్చి తోలుపట్టీలు కోసేశాడు. పొన్ని ఎలాగో లేచింది.

చౌడప్ప దాని నోట్లోంచి ఇనుము తీసి భుజాన వేసుకుని ఇంటివైపు నడిచాడు. పొన్నిని పట్టుకోలేదు. అదే వెనక నడిచి వచ్చింది.

పాకలో నీళ్లు పెట్టాడు. మూతి ముంచింది గాని తాగలేదు. నీళ్లు ఎర్రబడ్డాయి. డొక్క ఎగసి పడుతోంది. పొద్దు వాలే వేళకు ముందుకాళ్లు మడిచి పడుకుంది.

“లెయ్ మే, పొన్నీ,” అన్నాడు చౌడప్ప, దాని తల ఒళ్లోకి తీసుకుని.

అది లేవలేదు. కొండ మీద దీపాలు వెలిగేసరికి డొక్క ఎగసిపడటం ఆగి, ఒళ్లో తల బరువెక్కింది.

తొట్టి పక్కన ఇనుము మెరుస్తూ పడి ఉంది. గుంజ మేకుకు నీలం పట్టి, ముక్కుకు ఆనీ ఆనీ ఏర్పడిన గుండ్రటి వంపు సడలకుండా, అలాగే వేలాడుతోంది.