గడప దాటని దుమ్ము

పొద్దుగూకి మగ్రిబ్ అజా వినబడిందంటే హజరాబీ ఇంట్లో చీపురు మూలకు చేరాల్సిందే. చీకటి పడ్డాక ఊడిస్తే ఇంటి బర్కత్తు దుమ్ముతో పాటు గడప దాటిపోతుందని ఆమెకు వాళ్ళత్త చెప్పింది, ఆ అత్తకు ఆమె అత్త చెప్పింది. ఉదయగిరిలో పక్కవీధి వాళ్ళు లక్ష్మి పోతుందంటారు, ఈ వీధి వాళ్ళు బర్కత్తు పోతుందంటారు. పోయేదాని పేరు ఏదైనా, చీపురు పట్టిన కోడలికి పడే తిట్లు మాత్రం ఒకటే రకం.

ఈ ఇంటి కోడలు నజ్నీన్. ఆత్మకూరులో రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. పొద్దున్నే బస్సెక్కితే తిరిగొచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతుంటాయి. చీపురు పట్టే వేళకు ఆమె ఇంట్లో ఉండదు, ఆమె ఇంట్లో ఉండే వేళకు చీపురు పట్టరాదు. ఆమె భర్త నిసార్ లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. ఇక మిగిలింది హజరాబీ నడుము. అది వంగనని మొండికేసి చాలా కాలమైంది.

మామూలు ఇల్లయితే ఒకపూట దుమ్ము ఓర్చుకోవచ్చు. ఇది హజరాబీ భర్త మహబూబ్ సుభాని ఇల్లు. ఊళ్ళో చెక్కే కొయ్య గరిటెలు, స్పూన్లు పనివాళ్ళ దగ్గర కొని పట్నాల అంగళ్ళకు పంపడం అతని వ్యాపారం. సరుకు వరండాలో దిగుతుంది. గరుకు కాగితంతో రుద్ది మెరుగు పెట్టే పని కూడా అక్కడే జరుగుతుంది. ఆ పొడి గాలిలో లేచి, లోపలి గదుల్లో ఎక్కడ ఖాళీ ఉందో చూసుకుని మరీ కూర్చుంటుంది.

ఒక సాయంత్రం అన్నాల దగ్గర హజరాబీ తన మాట చెప్పేసింది. ఇల్లు చూసుకునే మనిషి ఇంట్లోనే ఉండాలని, వచ్చే నెల నుంచి నజ్నీన్ ల్యాబు మానుకోవాలని.

నజ్నీన్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ ఉద్యోగం కోసం ఆమె నెల్లూరులో హాస్టలు చారు తాగుతూ చదువుకుంది. ల్యాబులో తెల్లకోటు వేసుకుని నిలబడితే, సూదికి భయపడే పెద్దపెద్ద మీసాలవాళ్ళు కూడా ఆమె మాట విని గుప్పిలి బిగిస్తారు. అది పోతే తన దగ్గర ఇంకేమీ మిగలదన్నట్టు మామ వైపు చూసింది.

సుభాని ముందు అన్నం పూర్తిచేశాడు. ఆకలి మీద బేరానికి దిగకూడదు. చెయ్యి కడుక్కుని వచ్చి, దుమ్ము పీల్చే యంత్రం ఒకటి ఉందని, దాన్ని కోడలు వచ్చాక తిప్పుకోవచ్చని అన్నాడు.

"చీపురుకు కరెంటు పెడితే చీపురు కాకుండా పోతాదా?" అంది హజరాబీ.

"పోతాది. చీపురు దుమ్మును గడప దాటిస్తాది. ఇది దాటించదు. నేల మీది సరుకు దాని కడుపులో ఉండే గోడౌన్లో పడతాది, అంతే. దుమ్ము ఇంట్లోనే ఉండాది, బర్కత్తూ ఇంట్లోనే ఉండాది. తెల్లారినాక గోడౌను నువ్వే తెరిచి, నీ చేత్తో బయట పోసుకో."

హజరాబీ వక్క నములుతూ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా చిల్లు కనబడలేదు. రాత్రి డబ్బా ఎవరూ తెరవకూడదు, పొద్దున తాను తప్ప ఇంకెవరూ ముట్టకూడదు అన్న షరతు మీద ఒప్పుకుంది. మంచి బేరం చేశానని సుభాని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. బేరం అంత తేలిగ్గా కుదిరితే ఎదుటివాడికి ఏం మిగిలిందో చూసుకోవాలని పనివాళ్ళకు చెప్పేది కూడా అతనే.

ఆదివారం ముగ్గురూ ఆత్మకూరు పోయారు. బజారులో ఎడ్విన్ అంగడి ఉంది. ఫ్యాన్లు, మిక్సీలు, ఈ మధ్య వాక్యూములు కూడా తెప్పిస్తున్నాడు. సుభాని చంకలో ఒక గుడ్డసంచి ఉంది. అందులో ఏముందో చెప్పకుండా బల్ల మీద పెట్టాడు.

ఎడ్విన్ మొదట పళ్ళెంలాంటి గుండ్రటి యంత్రం తీశాడు. అదే తిరుగుతుందట, మనం మంచం మీద కూర్చుంటే చాలట. తలుపులు మూసున్నా లేకున్నా తన ఇష్టానికి తిరిగేదాన్ని ఇంట్లో పెట్టుకోనని హజరాబీ దాని మొహం కూడా సరిగ్గా చూడలేదు. రెండోది కుండకు తొండం అతికించినట్టుంది. దాన్ని మేకను లాక్కెళ్ళినట్టు వెనకాల లాక్కుంటూ, ముందుకు వంగి తొండం ఆడించాలి. ఆమె రెండడుగులు లాగి నడుము పట్టుకుంది. మూడోది నిలువు రకం. పొడుగు పిడి, కింద వెడల్పు మూతి, మధ్యలో దుమ్ము పడే డబ్బా. నిలబడి తోసుకుంటూ పోవడమే.

ఎడ్విన్ డెమో కోసం ఒక సీసాలో తెల్లపొడి తెచ్చాడు. సుభాని ఆ సీసాను పక్కకు జరిపి తన సంచి విప్పాడు. కొయ్య పొడి, వెంట్రుకలు, చెనక్కాయ పొట్టు, వరండా మట్టి. హజరాబీ స్వయంగా అన్ని గదులనుంచి ఏరి కట్టిచ్చిన మూట.

"భాయ్, ఏంది ఇది? అంగట్లో పొయ్యొద్దు. మా పొడి ఉండాది గదా," అన్నాడు ఎడ్విన్.

"మీ పొడి మీ యంత్రానికి చుట్టం. మర్యాదగా లోపలికి పోతాది. మా పొడి పరాయిది. దాన్నెట్ల చూసుకుంటాదో అది చూడాల," అని సుభాని సంచిని నేల మీద బోర్లించాడు.

ఎడ్విన్ ఆవేశంలో యంత్రం మూతిలో ఉన్న బ్రష్షు ఆపకుండా స్విచ్చేశాడు. చెనక్కాయ పొట్టు ఎగిరి అతని బూట్ల మీదే పడింది. తివాచీల మీద మాత్రమే బ్రష్షు తిప్పాలని, నున్నటి నేల మీద ఆపెయ్యాలని నజ్నీన్ గోడకున్న బొమ్మలో చదివి చెప్పింది. బ్రష్షు ఆపాక యంత్రం సుభాని ఇంటి దుమ్మును పెళ్ళి విందులో బిర్యానీలా ఊడ్చుకు తినేసింది. హజరాబీ పిడి పట్టుకుని అంగడి ఈ చివరినుంచి ఆ చివరిదాకా పోయి వచ్చింది. ఒక్కసారి కూడా చెయ్యి నడుము మీదికి పోలేదు.

అది చూడగానే సుభాని మనసులో బేరం అయిపోయింది. అందుకే మొహం ముడుచుకున్నాడు. బరువెక్కువన్నాడు, వైరు పొట్టిదన్నాడు, మోత వింటే వడ్లమిల్లు గుర్తొస్తోందన్నాడు. చివరికి ఇంకో ఫిల్టరూ పొడుగు వైరు బోర్డూ ఊరికే రాబట్టాడు. ఎడ్విన్ అంగడి మాత్రం ఆ రోజు ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉంది.

హజరాబీ వేలితో యంత్రం డబ్బాను తట్టింది. "ఇది గాజు మాదిరి ఉండాదే. లోపల పడింది కనబడతాదా?"

"కనబడాల గదమ్మా," అన్నాడు ఎడ్విన్.

"కనబడాల," అంది హజరాబీ.

యంత్రం ఇంటికొచ్చి తలుపు వెనక నిలబడింది. నజ్నీన్ బస్సు దిగి, నమాజు చేసుకుని, గది తర్వాత గది తోసుకుంటూ పోయేది. నాపరాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి పాతుకుపోయిన పొడి కూడా లేచింది. ఆదివారాలు ఫిల్టరు కడిగి దండెం మీద చొక్కాల పక్కన ఆరేసేది. బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకలను హజరాబీ కత్తెరతో తెగ్గోస్తూ, ఇంత జుట్టు రాలుతుంటే తల మీద ఇంకా ఎట్లా మిగిలిందని కోడల్ని దెప్పేది. మొత్తానికి ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు.

పొద్దున డబ్బా తెరవడం హజరాబీకి పేపరు చదవడం లాంటిదయింది. వెలుగులో పట్టుకుని తిప్పితిప్పి చూసేది. నిసార్ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గుట్కా మానేశానన్నాడు, మానలేదని డబ్బా చెప్పింది. నజ్నీన్ చెవికమ్మ శీల పోయిందన్న సంగతి ఆమెకు తెలియకముందే అత్తకు తెలిసింది. ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున డబ్బాలో తెల్లగా నువ్వులు కనబడ్డాయి. ఆ ఇంట్లో నువ్వులు వాడే వంట లేదు.

వాటి కథ సుభానికి తెలుసు. అతనికి షుగరు. బస్టాండు దగ్గర కామయ్య అంగట్లో నువ్వుల ఉండలు కాగితంలో చుట్టించుకుని, మధ్యాహ్నం హజరాబీ నిద్రపోయే వేళ తన మంచం మీద వెల్లకిలా పడుకుని నాలుక మీద కరిగించుకుంటాడు. ఎంత జాగ్రత్తగా తిన్నా నువ్వులు నాలుగు రాలతాయి. చీపురు రోజుల్లో మంచం కిందికి ఎవరి నడుమూ వంగేది కాదు. ఈ యంత్రం మూతి మాత్రం నేలబారుగా పడుకుని గోడదాకా పోతుంది.

హజరాబీ ఆ పొద్దున డబ్బాను అతని కళ్ళముందే రెండుసార్లు తిప్పి, పెరట్లో పోసుకొచ్చింది. గిరాకీదారు సరుకు చూసి ధర అడక్కుండా పోతే ఎంత భయమో సుభానికి అంత భయమేసింది.

ఆ సాయంత్రం కోడలితో, తన మంచం కింద అంత దుమ్ముండదు లేమ్మా, వదిలెయ్యమన్నాడు.

"దుమ్ము లేకుంటే తొందరగా అయిపోతాదిలే మామా," అని నజ్నీన్ అక్కడినుంచే మొదలుపెట్టింది.

మర్నాడు గరిటెల మూటలు తెచ్చి మంచం కింద కుక్కాడు. ఆమె మూటలు జరిపి పట్టించి, మళ్ళీ సర్దిపెట్టింది. ఉండలు మానేద్దామా అని కూడా ఒక క్షణం ఆలోచించాడు. దానికంటే యంత్రమే మానేస్తే మేలనిపించింది. మోత ఎక్కువైందని భార్య దగ్గర గొణిగాడు, కరెంటు బిల్లు సంగతి కదిపాడు. తాను తెచ్చిన సరుకును తానే తీసికట్టు చేయడం అతనికి జీవితంలో అదే మొదటిసారి.

పని ఇలా సాగుతుండగా చీమలొచ్చాయి. ఇంకెవరైనా అయితే డబ్బాను ఏ పూటకాపూట బయట పోసేవాళ్ళు. ఈ ఇంట్లో బర్కత్తు కోసం అది తెల్లారేదాకా నిండుగా ఉండేది. అందులో బెల్లప్పాకం అంటిన నువ్వులుండేవి. ఒక పొద్దున హజరాబీ చూసేసరికి తలుపు వెనకనుంచి సుభాని మంచందాకా నల్లటి బారు. ఒక కొస డబ్బాలో, ఇంకో కొస మంచం కింద.

ఆమె బారును ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. తర్వాత నడుం మీద చెయ్యేసుకుని తీర్పు చెప్పింది. రాత్రంతా చెత్త దాచుకునే యంత్రం ఇంట్లో వద్దు, ఎడ్విన్‌కు తిరిగిచ్చెయ్యండి. చీపురు చాలు. చీపురుకు మనిషి కావాలి కాబట్టి నజ్నీన్ ల్యాబులో చెప్పేసి రావాలి.

నజ్నీన్ అప్పటికే బస్సుకు బ్యాగు తగిలించుకుంది. "చెప్పేసి వస్తా అత్తా," అని చెప్పుల దగ్గరికి పోయింది.

సుభాని కోరుకున్నది చేతికొచ్చింది. ఇక నోరు మూసుకుంటే చాలు. కానీ వచ్చిన సరుకును తూచుకోకుండా లోపల పెట్టుకోవడం అతనికి చేతకాదు. తూచాడు. యంత్రం పోతే సాయంత్రం పూట మాత్రమే ఉండే కన్ను పోతుంది. కోడలు ఇంట్లో ఉంటే పొద్దుగుంకులూ ఉండే కన్ను వస్తుంది. పైగా ఆ కన్ను వేలి కొసన రక్తపు చుక్క చూసి షుగరెంతో చెప్పే కన్ను. మధ్యాహ్నం నిద్రపోయే వయసు కూడా కాదు. అది ఒక పక్క. ఇంకో పక్కన గుమ్మంలో ఆ పిల్ల వంగి చెప్పు బెల్టు పెట్టుకుంటోంది. రెండు పక్కలూ ఒకే వైపుకు మొగ్గాయి.

"హజరా, చీమలు యంత్రానికి రాలేదు. నాకొచ్చినాయి," అన్నాడు.

"మంచం కిందికా?"

"ఆఁ."

"నువ్వుల ఉండలకా?"

"ఆఁ."

"నీ అంతట నువ్వే చెప్తావని ఇన్నాళ్ళు ఊరుకున్నా. ఆ పిల్ల ఉద్యోగం గడపదాకా పోతే గానీ నీ నోరు తెరుచుకోలా."

సుభాని ఇకమీదట ముట్టనని, కావాలంటే ఒట్టేస్తానని అన్నాడు.

"నీ ఒట్టు నాకొద్దు. ఒట్టు డబ్బాలో కనబడదు," అంది హజరాబీ. "యంత్రం ఉండనీ. పిల్ల పనికి పోనీ. సాయంత్రం దాన్ని నువ్వే తోయాల. రాలిస్తే నువ్వే పట్టించు. పొద్దున డబ్బా మాత్రం నేనే తెరుస్తా."

"మగవాణ్ణి, నేనెట్లా..."

"దాన్ని కొన్నదే నిలబడి తోసేదని. వంగే పని లేదు గదా, నీకేం కష్టం."

బేరంలో ఇంకో మాటకు చోటు లేదని సుభానికి తెలిసింది. గుమ్మంలో నజ్నీన్ దుపట్టాతో మూతి మూసుకుని, బస్సు తప్పిపోతుందని చెప్పి పరుగెత్తింది. నవ్వు వీధి మలుపుదాకా వినబడింది.

ఆ సాయంత్రం సుభాని మసీదునుంచి వచ్చి పిడి పట్టుకున్నాడు. మొదట వీధి తలుపు మూశాడు. మోత విని గరిటెల పనివాడు ముజఫర్ తలుపు తట్టి లోపలికి తొంగి చూశాడు. ఈ యంత్రాలకు మనూళ్ళో గిరాకీ ఎట్లుంటుందో చూస్తున్నానని సుభాని అతనికి చెప్పాడు. మంచం మీద కూర్చున్న హజరాబీ కాళ్ళు పైకెత్తి, మూల వదిలేసినావు, అంది. అతను వెనక్కొచ్చి మూల పట్టించాడు. కొయ్య పొడి గాజులో సుడి తిరుగుతుంటే చూడటానికి బాగానే ఉందనిపించింది, పైకి అనలేదు.

అంతా అయ్యేసరికి నేల నిగనిగలాడుతోంది. నజ్నీన్ బస్సు దిగి వచ్చి గడప మీద కాలు పెట్టబోయింది. సుభాని యంత్రాన్ని అడ్డంగా నిలబెట్టాడు.

"ఆడనే ఆగమ్మా. ఇప్పుడే పట్టించినా. కాళ్ళు కడుక్కోని రా."